ఏ దేశానివీ కాని ట్యాంకులు

నిన్న మా ఎదురింటివాళ్ళు గేటుకు రంగు వేయించారు. టర్పెంటైన్ వాసన కిటికీలోంచి వంటింటి దాకా వచ్చింది. ఆ వాసన పడితే నాకు తలనొప్పి వస్తుందని మా ఇంట్లో అందరూ అనుకుంటారు. పిల్లలు పరుగెత్తుకెళ్ళి తలుపులు మూశారు. నాకు వచ్చేది తలనొప్పి కాదు, కోపం. ఖాదర్‌బీ ఆపా గురించి వాళ్ళకెప్పుడూ చెప్పలేదు కనుక వాళ్ళకు తెలియదు.

డెబ్బైల చివర్లో నేను ఉదయగిరికి కాపురానికి వచ్చాను. మా ఆయన అక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మా వాటాకు, ఆపా వాటాకు మధ్య ఒకే గోడ. ఆమె భర్త నెల్లూరు షెడ్లలో లారీల మీద బొమ్మలు వేసేవాడు, చిన్న వయసులోనే పోయాడు. పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ ఆమె ఆ పని పట్టేసింది. మరిది కొయ్య చెంచాలు చెక్కేవాడు. మిగిలిన ముక్కలతో చిన్న బండ్లు చెక్కితే ఆపా వాటికి రంగులు వేసేది. నాకు పగలంతా తోచేది కాదు. ఒకరోజు వెళ్ళి, నేనూ వేస్తానన్నాను. నన్ను పైనుంచి కిందకు చూసి, "గాజులు తీసి రా" అంది.

ఆ ఏడే ఆత్మకూరు నుంచి హవల్దారు చెంచయ్యగారు వచ్చారు. యుద్ధం చూసి, కాలికి దెబ్బ తగిలి ఇంటికి చేరిన మనిషి. అక్కడి లైబ్రరీ వెనక గదిలో బల్ల మీద యుద్ధం ఆట ఆడిస్తున్నారట. గోనెసంచుల కింద ఇటుకలు పెడితే కొండలు, పుల్లతో కొలిస్తే దూరం, పాచిక వేస్తే గెలుపో ఓటమో. అందుకు అగ్గిపెట్టెంత ట్యాంకులు అరవై కావాలి, తొమ్మిది రోజుల్లో.

"ఎట్టాంటివి వెయ్యమంటారు? మీరు చూసినట్టాంటివేనా?" అని ఆపా అడిగింది.

"అవి మాత్రం వద్దు తల్లీ. ఏ దేశానివీ కాకూడదు. ఈ భూమ్మీద యాడా లేనివి కావాల. నా బల్ల కాడికి అన్ని ఇళ్ళ పిల్లకాయలూ వస్తారు. ఒకడు శత్రువని ముందే రాసిపెట్టి ఆడించలేను."

ఆపా లోపలికి వెళ్ళి సుద్దముక్క తెచ్చింది. నేల మీద గీయడం మొదలుపెట్టింది. పది చక్రాల ట్యాంకు. రెండు తలల ట్యాంకు. మందుసీసా మూత బోర్లించి, లోపల చంద్రమండలం మనిషి కూర్చున్నాడనిపించే ట్యాంకు. చెంచయ్యగారు చిన్నపిల్లాడిలా నవ్వారు.

అరవైకి తొమ్మిది రోజులు అంటే నాకు చెమటలు పట్టాయి. మొదటి రోజంతా నేను ఒకే ఒక్క ట్యాంకు ముందు కూర్చుని చక్రం చక్రానికీ అంచు దిద్దాను. ఆపా వచ్చి దాన్ని నా చేతిలోంచి లాక్కుంది.

"ఏమ్మే, దీనికి పెళ్ళిచూపులా? ఇది ఒక్కతే కాదు, దండు. దండు మొత్తానికీ ఒకేసారి వెయ్యాల."

ఆమె పద్ధతి చెబితే తేలిక. మరిది చెక్కిచ్చిన బండ్లన్నిటినీ పలచటి నలుపులో ముంచి తీసి ఎండలో పెట్టాలి. తరువాత కుంచెకు రంగు అద్ది, గుడ్డకేసి తుడిచి తుడిచి, ఇక ఏమీ మిగల్లేదనుకున్నప్పుడు బొమ్మ మీద పైపైన ఆడించాలి. అప్పుడు ఎత్తుగా ఉన్న అంచులే రంగు పట్టుకుంటాయి, పల్లాల్లో నలుపు అలాగే ఉండిపోతుంది. చివరకు చక్రాలకు జిగురులో కలిపిన ఎర్రమట్టి. దూరం నుంచి చూస్తే ఎక్కడో యుద్ధం చేసి వచ్చిన బండ్లలా ఉండేవి. ఎనిమిదో రోజు సాయంత్రానికే అరవై పూర్తయ్యాయి. నా చేతికి వేగం ఆమె పెట్టిన భిక్ష.

ఆత్మకూరు వెళ్ళి ఆట చూశాం. ఆపా కూడా పాచిక వేసింది. తన రెండు తలల ట్యాంకు కొండెక్కితే బురఖా వెనక్కి తోసి గట్టిగా అరిచింది. ఆమెను అంత సంతోషంగా నేను మళ్ళీ చూడలేదు.

ఆ ట్యాంకుల సంగతి విని మా ఆయన పనిచేసే బడి కరస్పాండెంటు బడిలో జరిగే ఉత్సవాలకని ఆపాను ముప్పై ట్యాంకులు చేయమన్నాడు. మూడు రోజుల్లో ఉత్సవం అనగా స్వయంగా వచ్చి, ఎండలో ఆరుతున్న వాటిని చూశాడు. వాటిలో సగానికి పచ్చరంగు వేసి, మీద నెలవంకా నక్షత్రమూ గీయమన్నాడు. శత్రువు ట్యాంకులని చెప్పి పిల్లల ముందు తగలబెడతారట.

"ఆ గుర్తు నీకు బాగా తెలుసు గదా. నువ్వయితే ఇంకా బాగా గీస్తావు" అని నవ్వాడు కూడా.

ఆపా కుంచె కింద పెట్టింది. "తెలుసు సార్. మా మసీదు మీద ఉండాది. మా ఆయన సమాధి రాయి మీద ఉండాది, అది నేనే గీసినాను. తగలబెట్టేదానికి గీయను."

"అయితే నువ్వు ఎవరి మనిషివి?"

ఆమె రంగు డబ్బాలకు మూతలు పెట్టసాగింది. అతను నావైపు తిరిగాడు. "నువ్వన్నా వెయ్యమ్మా. మీ ఆయన పర్మనెంటు కాగితం నా టేబుల్ మీదే ఉండాది."

నేను తల ఊపాను.

ఆ పదిహేనింటినీ మా వాటాలోకి తెచ్చుకుని ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేశాను. అన్నిటికీ ఒకేసారి పచ్చ, తరువాత అన్నిటికీ ఒకేసారి నెలవంక. ఆమె నేర్పిన వేగమే, ఆమె ఊహించిన ఆకారాలే. ఆరబెట్టడానికి వేరే చోటు లేక మధ్యగోడ మీదే పెట్టాను. బడి మైదానంలో గడ్డి మీద పోసి నిప్పు పెట్టారు. వరుసల్లో నిలబడిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ వరుసల్లో ఆపా మరిది కూతురు కూడా ఉంది. ఏం కాలుతోందో చూసి ఆ పిల్ల చప్పట్లు ఆపేసింది. పక్కవాళ్ళు మోచేత్తో పొడిస్తే మళ్ళీ కొట్టింది.

వారం తరువాత గోడ దగ్గర ఆపా కనబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టమని కోరుకున్నాను.

"గీత బాగా తీసినావు. చెయ్యి వణకలేదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆమె ట్యాంకు ముట్టలేదు. కొన్నాళ్ళకు వరికుంటపాడులో ఉన్న పెద్దకూతురు దగ్గరికి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు కరస్పాండెంటు నేరుగా మా ఇంటికే వచ్చి, మళ్ళీ పదిహేను కావాలన్నాడు. మా ఆయన కాగితం ఇంకా ఆ టేబుల్ మీదే ఉంది. నేను వెయ్యనన్నాను. మాట వణకలేదు. అతను భుజాలెగరేసి, "సరే, మట్టివి చేయించుకుంటాం" అని వెళ్ళిపోయాడు. అంతే. ఉద్యోగం పోలేదు. ఆ వేసవిలో పర్మనెంటు కూడా అయింది.

ఆ మనిషి మీద నా కోపం కొంతే. ముందటి ఏడు నేను భయపడింది ఇంతపాటి దానికా అన్నదే నన్ను తినేసింది. బస్సెక్కి వరికుంటపాడు వెళ్ళి ఆపాకు జరిగిందంతా చెప్పాను. మెచ్చుకుంటుందని ఆశపడ్డానేమో. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు.

"నాకెందుకు చెప్తావు పద్మా? పోయినేడాది చెప్పాల్సింది, వాడికి."

తిరుగు బస్సులో దుత్తలూరు దాటేదాకా ఆమె మీద కూడా మండిపడ్డాను. క్షమిస్తే ఆమె సొమ్మేం పోయిందని గొణుక్కున్నాను. ఆమె క్షమించలేదు. కొన్నేళ్ళకు పోయిందని తెలిసింది. నేను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు నేను అందరికీ కోపిష్టి ముసలిదాన్ని. పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో, మా అపార్టుమెంటు గొడవల్లో ఒకరు చెయ్యనన్న పనిని పక్కనున్న మెత్తటి మనిషి చేతిలో పెట్టబోతే, "నువ్వన్నా" అనే మాట పూర్తి కాకముందే నేను లేచి నిలబడతాను. గొంతు పెద్దదవుతుంది. మా ఆయన నా కొంగు పట్టి లాగుతాడు. నేను కూర్చోను.