నేను ఆపించిన జావళి

1959లో నేను మహబూబ్‌నగర్ ఆడపిల్లల హైస్కూల్లో సంగీతం టీచర్ని. బెజవాడలో డిప్లొమా చేసి, మొదటి ఉద్యోగానికి అంత దూరం వచ్చాను. వారానికొక నీతిబోధ పీరియడ్ కూడా నాకే అంటగట్టారు. పని మంచిదో చెడ్డదో దాని వెనకున్న ఉద్దేశమే చెబుతుందని పిల్లల చేత నోట్సు రాయించేదాన్ని.

తొమ్మిదో తరగతిలో అనసూయ అనే పిల్ల ఉండేది. తాలూకా కచేరీ గుమస్తా కూతురు. మిగతావాళ్లకు రెండు వారాలు చెప్పినా పట్టుబడనిది తనకు రెండోసారికే వచ్చేసేది. నా శిష్యురాలని స్టాఫ్‌రూంలో గొప్పలు పోయేదాన్ని. ఒకరోజు తను పాడుతుంటే ఒకచోట గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, వేరేగా వినిపించింది. నేను నేర్పింది కాదు. నా దానికంటే బాగుంది.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"రాజమ్మవ్వ, టీచర్. మా గల్లి చివర ఉంటది. బడి ఇడిసినంక రోజు పోతున్న."

వాకబు చేస్తే తెలిసింది. రాజమ్మ వయసులో ఉండగా ఆత్మకూరు సంస్థానంలో పాడేదట. సంస్థానాలు పోయాక ఇక్కడికి వచ్చి, హోటళ్లకు మోదుగాకు విస్తళ్లు కుట్టి బతుకుతోంది. ఆమెకు తల్లి నుంచి వచ్చినవి జావళీలు. పోయిన శతాబ్దంలో సభల్లో ఆడవాళ్లు పాడిన చిన్న చిన్న ప్రేమ పాటలవి.

ఆ తర్వాత క్లాసులో నేనేం పాడినా, అనసూయ మొహంలో ఇంకెవరి పాటతోనో పోల్చి చూస్తున్నట్టు కనిపించేది. ఒళ్లు మండిపోయేది. ఇంట్లో తలుపులేసుకుని ఆ గమకం ఎంత సాధన చేసినా నా గొంతులో పలకలేదు. చివరికి హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లాను.

"జావళీల్లో ఆడది మగవాడి కోసం పడిగాపులు కాస్తుంది, లేదంటే సవతిని తలుచుకుని ఏడుస్తుంది. మన పిల్లలు నేర్చుకోదగ్గవేనా అవి?" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే ఆవిడ వెంటనే నమ్మింది. అనసూయ తండ్రిని పిలిపించి చెప్పింది. మర్నాటి నుంచి పాఠం బంద్. ఆ గల్లీలో మిగతావాళ్లు కూడా తమ పిల్లల్ని రాజమ్మ గడప తొక్కనివ్వలేదు.

అనసూయ మళ్లీ నేను నేర్పినట్టే పాడసాగింది. ఎక్కం అప్పజెప్పినట్టు పాడేది. నెల తర్వాత నీతిబోధ పీరియడ్లో లేచి నిలబడి, "టీచర్, ఉద్దేశం మంచిదో కాదో ఎవలకు తెలుస్తది?" అని అడిగింది.

"చేసినవాళ్లకు," అన్నాను. ఆ పిల్ల అది కూడా నోట్సులో రాసుకుంది.

ఆ ఆదివారం రాజమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె ఆకులు కుడుతూనే, "కూసో బిడ్డా," అంది. ఒక జావళి వినాలని ఉందన్నాను. పాడింది. రాత్రంతా ఇంకో ఇంట్లో గడిపి వచ్చినవాణ్ని నిలదీసే పాట అది. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. వాణ్ని గుమ్మం బయటే నిలబెట్టి, నవ్వుతూ మాట్లాడుతున్నట్టుంది ఆ గొంతు.

"ఇక్కడ ఆమె ఏడవాలి కదా?"

"రాసినాయన ఏడ్వమనే రాసిండు. మా అమ్మ ఏడ్వకుంట పాడింది. నేను గూడ గంతే. పాట ఆయనదే గని, గొంతు మాది గద."

ఇంక దాచలేకపోయాను. "అనసూయను ఆపించింది నేనే," అన్నాను.

"ఎరుకే. గా పాట మీద కోపం గాదు నీది. జర కుళ్లుకున్నవ్." ఆకు తిప్పి మరో పుల్ల గుచ్చింది. "నా జమానాల నేను గూడ కుళ్లుకున్న. కుళ్లుకుంటే ఇంకింత సాధకం చేసేటోళ్లం. పోయి దొరలకు చెప్పేటోళ్లం గాదు."

మర్నాడు హెడ్మిస్ట్రెస్ ముందే అనసూయ తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీరు చెప్తెనే గద టీచరమ్మా, నమ్మిన. ఇప్పుడు మీరు కాదంటె గల్లంత కాదంటదా? ఆ ఇంటికి మాత్రం పంప."

ఎంత బతిమాలినా ఆ మాట మారలేదు. ఇంక ఒకటే దారి మిగిలింది. ఆదివారాలు నేనే రాజమ్మ దగ్గర నేర్చుకుని, వారమంతా అనసూయకు చెప్పేదాన్ని. దారిలో సగం జారిపోయేది. "అవ్వ గిట్ల అనది, టీచర్," అంటూ ఆ పిల్ల తనకు గుర్తున్నట్టు పాడి చూపించేది. ప్రతిసారీ గుండెలో కలుక్కుమనేది. అయినా ఆ సవరణ రాసుకుని, వచ్చే ఆదివారం రాజమ్మను అడిగితే, "పిల్ల చెప్పిందే రైటు," అనేది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు సంగీతం చెప్పాను. ఫలానా పాట పిల్లలకు తగదన్న మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా, అది ఎవరు పాడుతుంటే నాకలా అనిపిస్తోందో ముందు చూసుకునేదాన్ని.