తీగకు ముందే నాటిన కట్టె

మా పెనుకొండ సైన్సు అయ్యవారు పోయారు. ఆ కబురు నాకు ధర్మవరం నుంచి హిందూపురానికి పట్టుచీరలు తెచ్చి అమ్ముకునే నేతాయన చెప్పాడు. అయ్యవారు ఆయన ఇంటి వెనక గదిలోనే అద్దెకుండేవారు. ఏటా తొలకరికి ఈయన చీరల మూటలో చిన్న గుడ్డమూట ఒకటి మాకోసం వచ్చేది. అందులో చిక్కుడు విత్తనాలుండేవి. ఈసారి మూటంతా విప్పి పరిచినా అది కనపడలేదు.

"విత్తనాలు తెచ్చినాడేమో అడుగు," అంది అమ్మ లోపలినుంచి.

ఆయన చీర మడత పెడుతూ తల దించుకున్నాడు. "ఇంగ విత్తనాలు యాడివమ్మా. అయివారు పోయి నెల కావస్తాంది. నేను చీరలెత్తుకోని బెంగళూరు పోయింటి. మా ఇంట్లోవాళ్ళకు మీ ఇల్లు యాడుందో తెలీదు. కబురెట్ల చెప్పాలో తెలీక వాళ్ళే అన్నీ చేసేసినారు."

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అమ్మ బయటికి రాలేదు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగించలేదు కూడా.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పెనుకొండ హైస్కూల్లో చదివినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఇట్టే గుర్తుపడతారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో వేరుతో సహా పీకిన ఏదో ఒక పిచ్చిమొక్క, చొక్కా జేబుకు అంటిన మట్టి. "పీకితే వేరుతో పీకండి. లేదంటే ముట్టుకోవద్దండి," అనేవారు. వేరు, కాండం, ఆకు, పువ్వు అన్నీ చూపించి, సాయంత్రం ఇంటికి పోతూ ఆ మొక్కను పీకినచోటే మళ్ళీ నాటి, మగ్గుతో నీళ్ళు పోసేవారు. సగం బతికేవి కావు. అది ఆయనకూ తెలుసు. అయినా నాటకుండా ఏనాడూ ఇంటికి రాలేదు.

మమ్మల్ని కొండమీదికి తీసుకుపోయి తంగేడు చూపించి, ఇది చెట్టా పొదా అని అడిగేవారు. మేం మా ఎత్తుతో కొలుచుకుని చెట్టనేవాళ్ళం. "ఎత్తు చూసి చెప్పొద్దబ్బా. వంగి మొదలు చూడండి. నేల దగ్గరే కొమ్మలుగా చీలిందా లేదా?" అని మా మెడలు వంచేవారు. పల్లేరు నేలమీద పాకుతుంది, తనంతట తాను లేవదు. తిప్పతీగ లేస్తుంది, కానీ ఏదైనా దొరికితేనే. వేపకు ఎవరూ అక్కర్లేదు. ఈ తేడాలు నేను పుస్తకంలో చదవలేదు, ఆ కొండమీద ఎండలో నిలబడి నేర్చుకున్నాను.

ఒకసారి, మనం తినే వేర్లు ఏవో చెప్పమన్నారు. ముల్లంగి అన్నారు, క్యారెట్ అన్నారు. తర్వాత క్లాసంతా ఒక్క గొంతుతో శెనక్కాయ అంది. అది మా జిల్లా పిల్లలు మాత్రమే చేసే తప్పు. పుట్టినప్పటినుంచీ మట్టిలోంచి పీకి దులుపుకుని తింటున్నాం, అది వేరు కాక ఇంకేమిటి? ఆయన నవ్వలేదు. వాన పడ్డాక ఊరి పక్క చేనికి తీసుకుపోయి పసుప్పచ్చ పువ్వు చూపించారు. అది వాడిపోయాక దాని అడుగునుంచి సన్నటి ఊడ ఒకటి కిందికి దిగి మట్టిలోకి దూరడం చూపించారు. కాయ దాని కొననే. "చూసినారా, పూసేది అందరికీ కనపడతాది. కాసేది మట్టికే తెలుసు," అన్నారు.

ఆయన అప్పుడు మా ఇంటి ముందుగదిలో ఉండేవారు. రొద్దం పక్క పల్లె ఆయనది. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు, పెళ్ళి చేసుకోలేదు. అద్దెతోబాటు భోజనం కూడా మా ఇంట్లోనే. మా నాయన రైల్వేలో గుమాస్తా. రాత్రి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సంగటి తింటుంటే నాయన నన్ను చూపించి, "ఏమప్పా అయివారూ, ఈ పాప గడ్డిమొక్కా, పొదా?" అని ఎగతాళి చేసేవాడు. "ఇది ఇంకా మొలకే. ఇప్పుడే చెప్పలేం," అనేవారాయన. అమ్మ తలుపు చాటునుంచే, "ఇంకొంచెం పులుసు కావాల్నేమో అడుగు," అని నాతో అడిగించేది. అన్నేళ్ళలో అమ్మ ఆయనతో నేరుగా మాట్లాడగా నేను వినలేదు.

ఒక వానాకాలం జ్వరమొచ్చి నాయన పోయాడు. కర్మలయ్యాక అయ్యవారు ముందుగదిలోనే ఉన్నారు, పొద్దున్నే నన్ను బడికి తీసుకుపోయేవారు. నీళ్ళకు పోయిన చోట ఆడవాళ్ళు అమ్మను చూసి మాటలు ఆపడం మొదలుపెట్టారు. ఒకామె ఆపలేదు. "మొగదిక్కు లేని ఇంట్లో పరాయి మొగోడు యాడన్నా ఉంటాడా తల్లీ," అంది, అమ్మకు వినపడేటట్టే. అమ్మ ఇంటికొచ్చి బిందె దించి, "వేరే గది చూసుకోమని సార్‌కు చెప్పు," అంది నాతో. నేను చెప్పనన్నాను. ఆయన అప్పటికే విన్నారు. ట్రంకు పెట్టె సర్దుకుని పక్క వీధికి మారిపోయారు.

ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. కానీ తొలకరి పడగానే మా ఇంటి గోడకు బయటివైపు, వీధిలోనే నిలబడి, వరసగా కట్టెలు నాటేవారు. తర్వాత ఒక్కో కట్టె మొదట్లో చిక్కుడు విత్తనం పెట్టేవారు. ఇంకా మొలకే రాలేదు కదా, కట్టెలెందుకు అని అడిగాను. "తీగ వచ్చినాక నాటితే వేర్లు తెగుతాయి. ముందే నాటి పెట్టాల," అన్నారు. నీళ్ళు అమ్మ పోసేది, ఆయన బడికి వెళ్ళాక. తొలి కోత కాయలు గిన్నెలో పెట్టి నాచేత పంపేది. గిన్నె వట్టిగా తిరిగొచ్చేది కాదు, అందులో మళ్ళీ ఏటికి విత్తనాలుండేవి. వాళ్ళిద్దరి మధ్యా నడిచిందల్లా ఆ ఒక్క గిన్నే.

నాకు మాత్రం అది చాలేది కాదు. ఆయన మళ్ళీ మా ఇంట్లో ఉండాలి, రాత్రి మా పక్కన కూర్చుని తినాలి, నన్ను ఎవరో ఒకరు మొలక అనాలి. అదే నా కోరిక. ఒకరోజు గోడ దగ్గర అడిగేశాను. "మీరు మా ఇంటికే వచ్చేయకూడదా సార్?"

ఆయన ఒక తీగ కొనను పట్టుకుని, అది పోయే దిక్కుకు ఎదురుగా కట్టెకు చుట్టారు. "రేపొచ్చి చూడు," అన్నారు. మర్నాటికి అది పట్టు వదిలేసి గాలిలో ఊగుతోంది. ఆ మర్నాటికి మళ్ళీ తన వైపునుంచే చుట్టుకోవడం మొదలుపెట్టింది. "అది ఈ పక్కకే పోతాది పాపా. మనం అట్ల చుట్టినా విప్పుకుంటాది. దాని తీరు దానిది, బలవంతం చేయకూడదు," అన్నారు. గోడకు అవతల అమ్మ రోట్లో రుబ్బుతున్న చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలయింది. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

తర్వాత ఆయనకు ధర్మవరం బదిలీ అయింది. నేను ట్రైనింగు చేసి హిందూపురంలో టీచరునయ్యాను, అమ్మ నాతో వచ్చేసింది. సైన్సే చెబుతున్నాను. పిల్లలు శెనక్కాయ వేరంటే నాకు ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారు. సెలవుల్లో ఎప్పుడైనా ఆయన్ను చూసి వస్తే, "ఎట్లుండాడు?" అని ఒక్కమాట అడిగేది అమ్మ. బాగున్నారని చెప్పేదాన్ని. ఆయన ఒక్కరే వండుకుంటారని, ఒక్క ప్లేటు మాత్రమే ఉందని చెప్పేదాన్ని కాదు.

కబురు విన్న తర్వాతి ఆదివారం నేను పాసింజరుకు ధర్మవరం బయల్దేరుతుంటే అమ్మ చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది. రమ్మని నేను అడగలేదు. పెనుకొండ స్టేషన్లో బండి చాలాసేపు ఆగింది. అమ్మ కొండవైపు తల తిప్పలేదు.

నేతాయన ఇంట్లో మగ్గం ఆడుతోంది. వాళ్ళావిడ వెనక గది తలుపు తీసి చూపించింది. మంచం, గొడుగు, కిటికీలో బోర్లించిన ప్లేటు. అమ్మ గడప బయటే ఆగింది. పెరట్లో గోడ పొడవునా కట్టెలు నాటి ఉన్నాయి. "విత్తనం పెట్టిన మర్నాడే పోయినాడమ్మా అయివారు. మొలకలు గూడా చూసుకోలేదు. నీళ్ళు నేనే పోస్తాండా," అంది ఆవిడ. తీగలు జానెడు దాటి లేచాయి. కొన్ని కట్టెలు పట్టుకున్నాయి, కొన్నింటి కొనలు ఇంకా గాలిలో వెతుక్కుంటున్నాయి.

"ఒక్క మనిషికి ఇన్ని కట్టెలా," అంది అమ్మ, ఎవరితోనూ కాదు.

ఆవిడ అమ్మను కాసేపు చూసి మెల్లగా అడిగింది. "ఆయనకు మీరేమయితారమ్మా?"

అమ్మ కట్టెల వరసవైపు తిరిగింది. ఆవిడ ఊరికే నిలబడలేక, నేలకు వాలిన ఒక తీగ కొన తీసి కట్టెకు చుట్టసాగింది. అమ్మ గభాలున ముందుకు వచ్చి మట్టిలోనే కూర్చుంది. ఆవిడ చేతిలోంచి తీగ తీసుకుని, చుట్టింది విప్పింది.

"అట్ల కాదమ్మా. అది ఈ పక్కకే పోతాది. మనం అట్ల చుట్టినా విప్పుకుంటాది," అంది.

ఆవిడ మళ్ళీ ఏమీ అడగలేదు. అమ్మ తీగ కొనను దాని వైపునుంచి కట్టెకు ఆనించి, అది జారకుండా వేలితో పట్టుకుని కూర్చుంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది. బండి వేళయిందని చెప్పాను. అమ్మ లేవలేదు, పక్క కట్టె దగ్గరికి జరిగింది.