పసుపు నీళ్ల వెంట పరుగు

బండిలో పరుపూ పొయ్యీ పెట్టుకుని వెళ్లి, ఏదో ఒక మడుగు ఒడ్డున ఒక రాత్రి ఆనందంగా గడిపి వచ్చాక, మరునాడు ఆ చోటు ఎలా ఉందో మీరెప్పుడైనా తిరిగి వెళ్లి చూశారా? చూడకపోతే, మీ ఆనందం ఎవరి గడపలోకి ఏ రూపంలో వెళ్లిందో మీకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్న నాకు ఏ వేదిక మీదా పుట్టలేదు. ఈ గల్ఫ్ దేశంలో, అల్ ఖౌద్‌లోని నా వంటగదిలో, కోడిమాంసానికి పసుపూ ఉప్పూ పట్టించి కడుగుతున్న ప్రతిసారీ పుడుతుంది. తడి పసుపు వాసన ముక్కుకు తగలగానే, సింకు జాలీలోంచి కిందికి దిగుతున్న ఆ పచ్చని నీటి వెంట పరుగెత్తాలనిపిస్తుంది. ఎనిమిదేళ్లప్పుడు నిజంగానే పరుగెత్తాను.

అప్పుడు మేము ఇదే దేశంలోని సోహార్‌లో ఉండేవాళ్లం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. నాన్న ఒక కంపెనీ బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆ కంపెనీ ఒక పాత చిన్న బస్సును తీసేస్తుంటే, నాన్న దాన్ని అడిగి తెచ్చుకుని మా బిల్డింగ్ వెనకాల నిలబెట్టాడు. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు ఆ బస్సు చుట్టూనే తిరిగాయి. నాన్న సీట్లు పీకేశాడు. నాన్నకు తమ్ముడిలాంటి మల్లేశం బాబాయి, జగిత్యాల నుంచి వచ్చి సైట్లలో సెంట్రింగ్ పని చేసేవాడు, శుక్రవారం శుక్రవారం వచ్చి, పనికిరావని పక్కన పడేసిన ప్లైవుడ్ చెక్కలతో మంచం కట్టాడు. ఆ చెక్కల అడుగున సిమెంటు మరకలు ఎంత రుద్దినా పోలేదు, ఆ మంచం కింద దూరితే తల నెరిసిపోయేది. అమ్మ తన పాత తెల్ల యూనిఫాములను విప్పి, కిటికీలకు తెరలు కుట్టింది. ఒక తెరకు జేబు అలాగే మిగిలిపోతే అందులో నేను గోళీలు దాచుకునేదాన్ని. పైకప్పు మీద నీలం రంగు నీళ్ల డ్రమ్ము, దాన్నుంచి కిందికి ఒక గొట్టం, వెనక తలుపు దగ్గర గ్యాసు పొయ్యి. పై వాటాలో ఉండే ఆవిడ బాల్కనీలోంచి వంగి, "ఏంటి సుగుణగారూ, ఇల్లు ఖాళీ చేసేస్తున్నారా?" అని అడిగితే, "లేదండీ, ఇంటికి చక్రాలు తొడుగుతున్నాం" అంది అమ్మ.

అయితే చక్రాలు కదలాలంటే అమ్మకు సెలవు కావాలి. క్రిస్మస్ రోజు కూడా ఆమెకు డ్యూటీనే. పండుగ వెళ్లాక, కొత్త సంవత్సరానికి ముందు, ఆ ఏడాది మొత్తానికి ఆమెకు వరుసగా దొరికిన సెలవు ఆ రెండు రోజులే. ఆ రెండు రోజుల కోసం నేను ఎంతగా ఎదురుచూశానంటే, పండుగ పిండివంటలు కూడా తినకుండా దాచాను: గవ్వలు, కజ్జికాయలు, మిరియాల చెక్కలు, పక్కింటివాళ్లు పంపిన ప్లమ్ కేకులో నా ముక్క, అన్నీ బిస్కెట్ల డబ్బాలోకి చేరి బస్సెక్కాయి. మా గుమ్మానికి వేలాడదీసిన కాగితపు నక్షత్రాన్ని కూడా ఊడదీసి బస్సు ముందు కట్టాను. బయలుదేరే ముందు, ఇంజను ఆడుతుండగానే అమ్మ కళ్లు మూసుకుని సుదీర్ఘంగా ప్రార్థన చేసింది. మల్లేశం బాబాయి కూడా తల వంచి నిలబడ్డాడు కానీ, ఆమేన్ అనగానే జేబులోంచి నిమ్మకాయలు తీసి టైర్ల కింద పెట్టాడు.

"ఇప్పుడే కదా తమ్ముడూ ప్రార్థన చేశాను!" అంది అమ్మ.

"నీ ప్రార్థన నీది, నా నిమ్మకాయ నాది వదినా. గింత పాత బండికి రెండూ గావాలె."

మేము వెళ్లిన ఊరు హజర్ కొండల్లో ఉంది. దాని పేరు కావాలనే రాయడం లేదు. కారణం చివర చెబుతాను. సముద్రపుటొడ్డు చదును వెనకబడ్డాక, గోధుమరంగు కొండలు ఒకదాని భుజం మీంచి మరొకటి తొంగిచూడడం మొదలుపెట్టాయి, దారి గులకరాళ్ల దారిగా మారింది, బస్సులో ప్రతి గిన్నే వాయిద్యమైపోయింది. ఒక మలుపు తిరగగానే కింద వాగు: వరుసగా మడుగులు, ఒక్కొక్కటీ ఒక్కొక్క రంగు, లోతులేనిచోట పెసరరంగు, లోతున్నచోట నెమలి మెడ రంగు. నాన్న బస్సును వాగులోకే దింపబోతే, బాబాయి కొండ వెనకనున్న ఒక తెల్ల మబ్బును చూపించి, "అన్నా, వాన ఏడ్నో పడుతది, నీళ్లు ఈడికొస్తయి. బండి గడ్డ మీద పెట్టు" అన్నాడు. ఎత్తయిన గట్టు మీద, ఒక రేగుచెట్టు కింద ఆగాం. అవును, రేగుచెట్టే! అమ్మ కింద రాలిన పండ్లు ఏరి కొంగులో పోసుకుంటూ, నరసాపురంలో బడి ఎగ్గొట్టిన పిల్లలా నవ్వింది. ఆమెను డ్యూటీ బట్టల్లో తప్ప చూడడమే నాకు అలవాటు లేదు. అంత సంతోషంగా అయితే అసలే లేదు.

నేను మడుగులోకి కాళ్లు పెడితే, వేలెడేసి చేపలు వచ్చి పాదాలు గిల్లాయి. బల్లపరుపు రాళ్లు ఏరి బాబాయీ నేనూ ఏడుపెంకులాట ఆడాం, ఆయన గోడ కట్టినట్టు పేర్చేవాడు, బంతి తగిలినా పడేది కాదు, "గిది ఆట గాదు బాబాయ్, బిల్డింగు!" అని నేను ఆయన యాసలోనే అరిచేదాన్ని. పై మడుగు నుంచి కొండ అంచు వెంబడి రాతితో కట్టిన సన్నని కాలువ ఒకటి ఊరివైపు వెళ్తోంది. దాన్ని అక్కడ ఫలజ్ అంటారు. దాని పక్కనే నడకదారి. ఆ కాలువలో నీరు ఎంత తేటగా ఉందంటే, అడుగున కదిలే ఆకు నీడ కూడా కనిపిస్తోంది.

గోదావరి కాలువల పక్కన పుట్టినవాళ్లకు పారే నీటి మీద ఒక నమ్మకం ఉంటుంది: పారేది ఏదైనా తనను తాను కడుక్కుంటుందని. ఒకే రేవులో గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, గేదెలను దింపి, పక్కనే బిందె ముంచుకున్న ఊళ్లవాళ్లం. ఆసుపత్రిలో చేతులు కడుక్కోనిదే గ్లాసు కూడా ముట్టని మా అమ్మ, ఆ నమ్మకంతోనే, కాలువ అంచున కూర్చుని కోడిమాంసానికి పసుపూ ఉప్పూ దట్టంగా పట్టించి, హాయిగా ఆ నీటిలో కడిగింది. పసుపు ఒక రిబ్బనులా సాగి నీటి మీద బయలుదేరింది. నాకు పూనకం వచ్చినంత పనైంది. "అమ్మా, ఇది ఎక్కడిదాకా వెళ్తుందో చూసొస్తా!" అంటూ దాని పక్కన పరుగు లంకించుకున్నాను.

ఆ పరుగును ఇప్పటికీ కాళ్లలో మోస్తున్నాను. రాతి మలుపుల్లో పసుపు నాకంటే ముందుండేది, బల్లపరుపు చోట నేను దాన్ని దాటేసేదాన్ని. కొండ నీడలోంచి ఎండలోకి, ఎండలోంచి ఖర్జూరపు చెట్ల నీడలోకి, మట్టి గోడల మధ్యనుంచి, ఒక మేకను తప్పించుకుని, ఆయాసపడుతూ, నవ్వుతూ, ఊరి మొదట్లో కాలువ ఒక చిన్న రాతి తొట్టిలోకి దిగేచోట ఆగాను. నేను గెలిచాను. వెనకే పసుపు వచ్చింది. తొట్టి దగ్గర తెల్లని పొడవాటి అంగీ, తలకు అల్లికల టోపీ ఉన్న ఒక ముసలాయన కూజా ముంచబోతూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నీటిని చూశాడు, నన్ను చూశాడు.

"బేటీ, యే రంగ్ కిధర్ సే ఆతా?" అని, అక్కడివాళ్లు మాలాంటివాళ్లతో మాట్లాడే హిందీలో అడిగాడు.

ఆ రంగు ఎక్కడినుంచి వస్తోందో నాకంటే బాగా తెలిసినవాళ్లెవరు? గర్వంగా పైకి చూపించాను. ఆయన కూజాను అక్కడే పెట్టి, నా వెంట నడిచాడు. దారిలో ప్రతి మలుపు దగ్గరా వంగి నీటిని చూశాడు. ఆయన వంగినప్పుడల్లా నా ఉత్సాహం మెల్లగా భయంగా మారింది.

మమ్మల్ని చూసి అమ్మ లేచి నిలబడింది. చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"యే పీనే కా పానీ హై," అన్నాడాయన. తాగే నీళ్లు.

అమ్మ గబగబా చేతులు కొంగుకు తుడుచుకుంది. "బాబా, హమ్‌కో మాలూమ్ నై. సిర్ఫ్ హల్దీ హై, జహర్ నై" అంది, పసుపే కానీ విషం కాదని.

"హల్దీ అచ్ఛా హై," అన్నాడు ఆయన తాపీగా. "మగర్ ముర్గీ?"

పసుపు సంగతి సరే, కోడి మాటేమిటి? బాబాయికి నవ్వు ఆగక అటు తిరిగాడు. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "ఏవండీ, సామాను సర్దండి, వెళ్లిపోదాం" అంది నాన్నతో. ఎండాకాలమంతా కట్టుకున్న మంచం మీద ఒక్క రాత్రైనా పడుకోకుండా, మళ్లీ ఏడాదికి గానీ దొరకని సెలవును వెనక్కి తిప్పుకుని, నక్షత్రం వెలిగించకుండానే సోహార్‌కు పోవడమా?

ఆ పెద్దాయన కాలువ గట్టులోని కన్నానికి అడ్డుగా, గుడ్డ చుట్టి పెట్టిన ఒక రాయిని లాగాడు. నీరంతా పక్కకు తిరిగి వాగులోకి పడింది. తేటపడేదాకా అలాగే వదిలేయాలట. ఆ పూట నీటి వంతు తన చెల్లెలి తోటదని, ఖర్జూరాలు ఓర్చుకుంటాయి కానీ, కొత్తగా నాటిన నిమ్మమొక్కలు వచ్చే వంతు దాకా ఓర్చుకోవని, ఎవరినీ నిందించకుండా చెప్పాడు. నిందించి ఉంటే మేము క్షమాపణ చెప్పి తప్పుకునేవాళ్లమేమో. నాన్న బస్సు వైపు చూశాడు. బాబాయి డ్రమ్ము వైపు చూశాడు.

"అన్నా, బండికి తొట్టి ఉండనే ఉంది."

అంతే. బస్సు ఊరి కిందికి దిగింది. అక్కడ, తోటలన్నీ తడిశాక మిగిలిన కాలువ నీరు తిరిగి వాగులో పడి, చివరి మడుగవుతుంది. బాబాయి పైకప్పు ఎక్కాడు, నాన్న నిచ్చెన మీద, కింద నేను, నా వెనక ఎక్కడినుంచో పుట్టుకొచ్చిన ఊరి పిల్లలు, చేతులు మారుతూ బకెట్లు, సగం నీళ్లు మా నెత్తిమీదే. డ్రమ్ము నిండగానే పిల్లలందరూ బస్సులోకి దూకారు. ప్లైవుడ్ మంచం మీద గెంతుతూ, జేబున్న తెరను చూసి పడిపడి నవ్వుతూ, తోట దాకా ఊరేగాం. అమ్మ గొట్టం పట్టుకుని, మందు పోస్తున్నంత శ్రద్ధగా, ఒక్కొక్క నిమ్మమొక్క మొదట్లో నీరు పోసింది. తోట యజమానురాలు నడుం మీద చేతులు పెట్టుకుని చూసి చూసి, చివరికి అమ్మ చేతిలోని గొట్టం సరిచేసి, ఎలా పట్టుకోవాలో చూపించింది. మళ్లీ మడుగుకు, మళ్లీ తోటకు, సూర్యుడు కొండ వెనక్కి వెళ్లేదాకా అదే పని. మా నిమ్మకాయ టైరు కింద నలిగిపోయినా, నిమ్మమొక్కలకు పని చేసింది!

ఆ సాయంత్రం ఆ పెద్దాయన, సలీం తండ్రి గనుక ఆయనను అందరూ అబూ సలీం అనేవారు, నా చెయ్యి పట్టుకుని కాలువ వెంట నడిపించాడు. ఇక్కడ తాగే నీరు. దాని కింద మసీదు. దాని కింద స్నానాలు. ఆ తర్వాత బట్టలూ గిన్నెలూ. ఆ తర్వాత తోటలు. ప్రతి పనికీ ఒక చోటు, ప్రతి చోటుకూ ఒక వరుస. చివరి మడుగు దగ్గర ఆగి, నేలను కర్రతో తట్టి, "తుమ్హారా జగా," అన్నాడు. మీ చోటు ఇది. అందరికంటే కింద. నాకు అది శిక్షలా అనిపించలేదు. ఒక ఊరు తన వరుసలో మాకూ చోటిచ్చినట్టు అనిపించింది. నక్షత్రాన్ని బస్సు ముందు వెలిగించాం. వాళ్లు రొట్టెలూ ఖర్జూరాలూ చేదు కాఫీ కహ్వా తెచ్చారు. మా కోడికూర, గవ్వలు, కజ్జికాయలు వాళ్ల పళ్లెంలోకి వెళ్లాయి. కూర రుచి చూసి అబూ సలీం, "హల్దీ అచ్ఛా హై," అన్నాడు మళ్లీ. ఈసారి అమ్మ కూడా నవ్వింది.

ఆ తర్వాత ప్రతి చలికాలం మేము ముందు ఊళ్లో దిగి, సలాం చెప్పి, ఆ చివరి మడుగు దగ్గరే ఆగేవాళ్లం.

చదువు కోసం నేను ఆంధ్రకు వెళ్లాను, బస్సు తుక్కుకు వెళ్లింది, మల్లేశం బాబాయి జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. నేను మళ్లీ ఈ దేశానికే వచ్చి స్థిరపడ్డాక, గడిచిన చలికాలంలో స్నేహితులతో కలిసి అద్దె బండిలో అక్కడికి తిరిగి వెళ్లాను. ఆ బండిలో కుళాయి ఉంది, ఫ్రిజ్ ఉంది, మంచం కింద సిమెంటు మరకలు లేవు. చివరి మడుగు దగ్గర ఆగే చోటే లేదు. బొగ్గులు, నూనె తేలిన నీళ్లు, కాగితపు పళ్లేలు, పసిపిల్లల డైపర్లు. పై మడుగు పక్కన, కాలువ మొదట్లోనే, బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. ఒకాయన కాలువలో బిర్యానీ గిన్నె తోముతూ పాట వింటున్నాడు, పాట తెలుగుదే. అబూ సలీం ఇప్పుడు లేడు. ఆయన చెల్లెలు నన్ను గుర్తుపట్టింది. తన నిమ్మచెట్ల కింద కూర్చోబెట్టి, చేతిలో కాయలు పోస్తూ చెప్పింది: వచ్చే చలికాలం కూడా ఇలాగే గడిస్తే, దారికి అడ్డంగా గొలుసు కట్టాలని ఊరివాళ్లు అనుకుంటున్నారట.

ప్రకృతి అందరిదీ కాదా, దారికి గొలుసు కట్టే హక్కు ఎవరికుంది అని వాదించమంటే వాదించగలను. కాలేజీలో అలాంటి వాదాలతోనే చప్పట్లు కొట్టించుకున్నాను. కానీ ఆ వాదం తాగే నీటి తొట్టి దగ్గర కూజా పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు నిలుస్తుందా? అందరిదీ అంటే వరుస లేనిదని ఎవరు చెప్పారు? ఊరి పేరు రాయకపోవడానికి కారణం ఇదే: పేరు రాస్తే మీరు ఆ ఒక్క ఊరికే వెళ్తారు, ఆ ఒక్క చోటే జాగ్రత్తగా ఉంటారు. ఆ కొండల్లో నీళ్లున్న ఊళ్లన్నీ అలాంటివే. ఏ ఊరి గొలుసైనా ఇంకా కట్టలేదంటే, అది మన కోసం ఆగి ఉంది.

ఈ చలికాలం వెళ్లండి. పిల్లలను తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లను ఆ కాలువ పక్కన ఊపిరాడనంతగా పరుగెత్తనివ్వండి. మీరు పారేసినదంతా సంచిలో కట్టి మీ ఇంటికే తెచ్చుకోండి. కానీ పొయ్యి వెలిగించే ముందు, పరుపు పరిచే ముందు, ఊళ్లో దిగి, సలాం చెప్పి, ఒక్క ప్రశ్న అడగండి: "మీ నీళ్లు ఎక్కడ ముగుస్తాయి?" వాళ్లు చూపించిన చోట, అందరికంటే కింద, మీ బండి ఆపండి.