రేటు కట్టని పని

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో కంప్యూటర్ మొరాయిస్తే ఒకప్పుడు అందరి నోటా వచ్చే పేరు ఖలందర్‌దే. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, మొండితనం మాత్రం చెప్పలేనంత. సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలకు వైరస్ తగిలి వ్యాపారులు లబోదిబోమన్న రోజుల్లో ఆయనే కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టాడు. బిల్లులు, స్టాకు అన్నీ దాని మీదే నడిచాయి. జమ్మలమడుగుకూ పులివెందులకూ బస్సెక్కి పోయి మరీ పెట్టి వచ్చాడు.

ఆ లినక్స్ సంగతి కాస్త చెప్పుకోవాలి. దాన్ని రాసింది ఒక్కరు కాదు, దేశదేశాల వాళ్లు కలిసి రాశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఒక పెద్ద కంపెనీ అదే సరుకు తీసుకుని, బాగా పరీక్షించి, ఇన్నేళ్లు మరమ్మతు మాదేనని హామీ ఇచ్చి, ఏటా రుసుము తీసుకుంటుంది. అందులో మోసమేమీ లేదు, వాళ్లు అమ్మేది ఆ హామీని. కంపెనీ బయటపెట్టిన కోడ్‌తోనే కొందరు ఔత్సాహికులు, పేరు మార్చి, అచ్చం అలాంటిదే ఉచితంగా తయారు చేసేవాళ్లు. ఖలందర్ అంగళ్లలో పెట్టింది ఈ ఉచితమైనదే.

పెట్టినందుకు, చూసుకున్నందుకు పైసా తీసుకోలేదు మహానుభావుడు! డిస్కులు, ప్రింటర్లు అమ్ముకుని బతికాడు. పనికి డబ్బు తీసుకోవద్దని ఎవరూ అనలేదు, అది ఆయనకూ తెలుసు. అయినా మనసొప్పలేదు.

"పీర్ల పండగకు వీధిలో పోసే షర్బత్తుకు యాడన్నా రేటు కడతారా?" అనేవాడు భార్య మెహరున్నీసాతో.

"షర్బత్తు ఒక్కపూట పోస్తారు. నువ్వు ఏడాదంతా పోస్తాండావు," అని ఆమె తల కొట్టుకునేది. ఆయన వింటేగా!

ఆ ఉచితం తయారీ ఆపేస్తున్నారని, ఇక దానికి మరమ్మతులు రావని తెలిసిన ఏడాది ఖలందర్‌కు గడ్డుకాలం మొదలైంది. కంపెనీ సరుకు అమ్మే ఏజెంట్లు హైదరాబాదు నుంచి దిగారు. డిస్కులూ ప్రింటర్లూ కూడా వాళ్లే తెచ్చారు. పులివెందుల పోయింది, జమ్మలమడుగు పోయింది. చివరికి ప్రొద్దుటూరులోనూ బాలకృష్ణయ్య శెట్టి నగల అంగడి ఒక్కటే మిగిలింది. అదీ పోతే ఖలందర్ షట్టరు దించుకోవాల్సిందే.

"శెట్టీ, ఇట్లాంటిదే ఇంకో ఉచితమైంది ఉంది. నేను మార్చి పెడతా," అన్నాడు ఖలందర్.

"నువ్వు పెడతావని తెలుసప్పా. పండగ రద్దీలో అది నిలబడిపోతే ఎవరినడగాల?"

"నన్నడుగు."

"నిన్నెట్ల అడిగేది? ఊరికే చేస్తాండావు. ఓసారి నువ్వు రాక రెండు దినాలు బిల్లులు చేత్తో రాసుకున్నా. కడుపు మండినా నిన్నొక మాట అన్లేదు. దానం చేసేటోన్ని ఏమని తిట్టేది?"

ఖలందర్‌కు అప్పుడు తెలిసొచ్చింది. మేలు చేస్తున్నానని పొంగిపోతూ, ఇన్నేళ్లూ ఈ మనిషి నోరు కట్టేశాడు తాను.

"అయితే ఇకమీదట దుడ్లు తీసుకుంటా," అన్నాడు తల వంచుకుని. ఆ మాట అనడానికి ప్రాణం చచ్చిపోయింది.

"ముందే అనింటే బాగుండు. కంపెనీవాళ్లకు నిన్ననే సంతకం పెట్టేసినాప్పా," అన్నాడు శెట్టి. ఆయనకూ బాధగానే ఉంది.

ఖలందర్ అంగడి మూతపడింది. ఏజెంటుకు ఈ చుట్టుపక్కల తిరిగే మనిషి కావలసి వచ్చి ఆయననే జీతానికి పెట్టుకున్నాడు. మెడలో కార్డు, చేతిలో ఫోను. అక్షయ తృతీయ నాడు శెట్టి అంగట్లో బిల్లింగ్ ఆగిపోయింది. శెట్టి హైదరాబాదుకు ఫోన్ చేశాడు, హైదరాబాదువాళ్లు దువ్వూరులో ఉన్న ఖలందర్‌కు చేశారు. ఆయన ఎండలో బండేసుకుని వచ్చేసరికి అంగడి నిండా జనం.

"యాడ చచ్చినావు ఇంతసేపు? మీకు దుడ్లు కడతాండేది ఎందుకు?" అని అందరి ముందూ అరిచాడు శెట్టి.

ఖలందర్ కంప్యూటర్ ముందు కూర్చుని బాగుచేశాడు. జనం మళ్లీ బిల్లుల దగ్గరికి చేరారు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడే గాని ముద్ద కలపలేదు. ఏమైందని అడిగింది మెహరున్నీసా.

"శెట్టి తిట్టినాడు," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ తిట్లేవో ముందే తినింటే, మన అంగడి మనకుండు."