రెండు బాబిన్లు

బోధన్‌లో మా మేనత్త పోయిందని పొద్దున ఏడింటికి ఫోన్ వచ్చింది. అప్పుడు టిఫిన్ డబ్బాలో అన్నం సర్దుకుంటున్నాను. "సరే, వస్తున్నా" అని చెప్పి, డబ్బా మూత బిగించి, కాలేజీ సంచిలో పెట్టాను. ఆ రోజు కాలేజీకి పోయేది లేదని తర్వాత గుర్తొచ్చింది. నిజామాబాద్ బస్టాండులో కిటికీ పక్క సీటు దొరికితే సంతోషపడ్డాను కూడా. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. ప్రేమ లేకనా?

అత్త జాకెట్లు కుట్టేది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో తీరిక వేళల్లో, అది బందయి మామ ఇంట్లో కూర్చున్నాక పొద్దంతా. మెడలో టేపు ఎప్పుడూ ఉండేది. ఒకసారి కందకుర్తికి స్నానానికి కూడా దాంతోనే వచ్చింది. మేం నవ్వితే, "ఉండనియ్యిండ్రి, గోదారికి కొలతలు తీస్త" అన్నది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులన్నీ నాకు ఆ ఇంట్లోనే. కుట్టు నేర్పమంటే ముందు బాబిన్ చుట్టమన్నది, అంటే సూది కింద ఉండే చిన్న దారపు కండె. మిషన్ చక్రం నడుమ ఒక మర ఉంటుంది. దాన్ని వదులు చేస్తే ఎంత తొక్కినా సూది కదలదు, బాబిన్ ఒక్కటే తిరిగి దారం నింపుకుంటుంది. మొదటి రోజే ఆ మర సంగతి మరిచి తొక్కాను. పైన బాబిన్ తిరుగుతుంటే కింద సూది పరుగెత్తి, మిషన్ మీదున్న ఎవరిదో జాకెట్ నిండా చిల్లులు పడ్డాయి. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను.

"గిది రైకనా, జల్లెడనా బిడ్డా?" అన్నది అత్త, పెదాల మధ్య గుండుసూదులు తీయకుండానే.

ఆ తర్వాత ఎన్ని సెలవులు గడిచినా నా చదువు బాబిన్ దాటలేదు. నిండుగా చుట్టనిచ్చేది కాదు. "జరంత ఖాళీ ఉంచాలె. నిండితే తిరుగది." ఇంకో మాట కూడా ఎప్పుడూ అనేది: "పై దారం అందరికి కనవడ్తది. కింది దారం అయిపోతే సప్పుడే చెప్తది. ఇనాలె." నిజంగానే వినేది. మాటల మధ్యలో టక్కున కాలు ఆపేది. తీసి చూస్తే బాబిన్ ఖాళీ.

పోయిన నెల చూడటానికి వెళ్ళాను. వేళ్ళు వాచి ఉన్నాయి. నేను చెప్పులు వేసుకుంటుంటే పిలిచింది. "రెండు బాబిన్లు సుట్టి పో బిడ్డా. నాతోటి అయితలేదు."

"బస్సు పోతది అత్తా. మళ్ళొచ్చినప్పుడు చుడతా."

"పో పో, కలెక్టరమ్మవు" అని నవ్వింది.

మూడో రోజు కాలువ గట్టు మీద పిట్టకు పెట్టారు. ఆకులో ఆమెకు ఇష్టమైనవన్నీ ఉన్నాయి. కాకి ముట్టలేదు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిందంటారు కదా, ఆమె కొడుకు "బాపును మంచిగ సూసుకుంటమమ్మా" అని దండం పెట్టాడు. రాలేదు. అప్పుడు అత్త కోడలు అన్నది: "గది కాదు. ఎదురింటామె జాకెట్ సగంల ఉన్నది. గదే రంది. అక్కా, నీకు నేర్పింది గదా, నువ్వు చెప్పు."

అందరూ నావైపు చూశారు. నాకొచ్చింది బాబిన్ చుట్టడం ఒక్కటేనని ఆ గట్టు మీద ఎలా చెప్పను? "నేను కుడతా అత్తా" అన్నాను. ఆ మాటకే కాకి వచ్చిందని వాళ్ళంటారు. అది ముందునుంచీ తుమ్మచెట్టు మీదే ఉన్నట్టు నాకు గుర్తు.

ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాను. సూది కింద ఎర్ర జాకెట్ అలాగే ఉంది. బయటికి లాగితే జానెడు కుట్టు నా చేతిలోకి ఊడొచ్చింది. పై దారం ఒక్కటే. బాబిన్ ఖాళీ. చప్పుడుతోనే కనిపెట్టే మనిషి, జానెడు బట్ట ఉత్తగా కుట్టింది. వినపడలేదా? వినపడీ, ఆ వేళ్ళతో చుట్టుకోలేక అట్లాగే తొక్కుతూ పోయిందా? కోడలిని అడిగాను. "ఏమో అక్కా, సప్పుడైతే వస్తుండె" అన్నది.

మర వదులు చేశాను. దారం కొస తడి చేసి బాబిన్ రంధ్రంలోకి ఎక్కించి తొక్కాను. చక్రం తిరిగింది. బాబిన్ ఎర్రగా నిండుతూ వచ్చింది. సూది ఉన్నచోటే ఉంది.

ఆ జానెడు కుట్టడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. వంకరగా వచ్చింది. ఎదురింటామె వచ్చి, జాకెట్ తిరగేసి, కుట్టు మీద బొటనవేలు రాసి, "గీడికెల్లి ఆమె కుట్టు కాదు" అన్నది. జాకెట్ మడత పెట్టుకుంటూ, "ఉండనియ్యి, విప్పకు" అన్నది.

ఆమె వెళ్ళాక ఇంకో బాబిన్ చుట్టాను. నిండుగా కాదు, జరంత ఖాళీ ఉంచి. సూదుల డబ్బాలో పెట్టి, పైన టేపు చుట్టి పెట్టాను. మూత సరిగ్గా పడలేదు. దారం కొస కొంచెం బయటికే ఉండిపోయింది.