మేం కోసిన అలుగు

ఇల్లు కట్టేటప్పుడు సంపు కోసం తవ్విస్తే కాస్త లోతులోనే నల్లటి ఒండ్రు తగిలింది. దాంతోపాటు గంపలకొద్దీ నత్తగుల్లలు వచ్చాయి. మేస్త్రీ ఒకటి రెండు చేతిలోకి తీసుకుని చూసి, నా వంక చూసి, ఏమీ అనకుండా పక్కన పారేశాడు. నేనూ ఏమీ అడగలేదు. అంత సారవంతమైన మట్టిని వదులుకోవడమెందుకని కుండీల్లో నింపించాను. ఆ ఏడు మల్లె విరగబూసిందని మా ఆవిడ మురిసిపోయింది. నత్తగుల్లలు ఎలాంటి నేలలో దొరుకుతాయో కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. అది చెరువు నేలని తెలిసే కట్టాను. తరువాత అదే చెరువును కాపాడే సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షుడిగా ఉన్నాను.

మా కాలనీ ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య, పెద్ద రోడ్డు వదిలి లోపలికి వస్తే ఉంటుంది. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే నాలాంటివాళ్ళు, డిపో ఉద్యోగులు, పంతుళ్ళు, చిన్న వ్యాపారులు తలా ఒక ముక్క కొనుక్కున్నారు. రోడ్డు వైపు ప్లాట్ల కంటే చెరువు వైపు ప్లాట్లు చవక. ఎందుకు చవకో అమ్మినవాడు చెప్పలేదు, కొన్నవాళ్ళం అడగలేదు. చెరువు గాలి వస్తుందని మాకు మేమే చెప్పుకున్నాం.

మా పక్క వీధిలో, మెరక మీద, ఒక స్కూలు మాస్టారు ఉండేవాడు. జనగామ వైపు మనిషి. వయసులో నాకంటే చిన్న. మొదటి రోజు నుంచీ నన్ను అన్నా అనే పిలిచాడు. నేను మాస్టారూ అనేవాణ్ణి. ఒక ఎండాకాలం టిప్పర్లు వచ్చి కూలగొట్టిన ఇళ్ళ చెత్త తెచ్చి చెరువులో పోస్తుంటే, మేమిద్దరం వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డాం. డ్రైవరు దిగి, పోయి ముఖ్యమంత్రికి చెప్పుకోండని బూతులు తిట్టాడు. మాస్టారు శాంతంగా, పిల్లవాడికి లెక్క చెప్పినట్టు, "జర పక్కకు చూడు తమ్మీ, ఆ ఒడ్డుమీద ఉన్నది మీ ముఖ్యమంత్రి కాదు, బర్రె. అది రోజూ తాగే నీళ్ళివి" అన్నాడు. డ్రైవరుకే నవ్వొచ్చింది. బండి వెనక్కి తిప్పాడు. సంఘం పుట్టింది ఆ రోజే. నేను అధ్యక్షుణ్ణి, మాస్టారు కార్యదర్శి.

నా జీవితంలో నేను నిజంగా పనికొచ్చిన కాలం ఏదైనా ఉందంటే అది ఆ నాలుగైదేళ్ళే. ఆదివారం పొద్దున్నే లుంగీలు ఎగగట్టి మోకాలి లోతు నీళ్ళలో దిగి గుర్రపుడెక్క లాగేవాళ్ళం. మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ తిరిగి, మురుగు కాలువను చెరువులోకి రాకుండా పక్కకు మళ్ళించాం. పనిముట్ల కోసం రేకుల షెడ్డు వేసుకున్నాం. దాని తాళంచెవి మాస్టారి దగ్గర ఉండేది.

బతుకమ్మ వచ్చిందంటే చెరువుకు కళ వచ్చేది. మాస్టారి భార్య తంగేడు, గునుగు పూలు తెప్పించి, ముందు రోజే గునుగుకు రంగులద్ది ఆరబెట్టేది. మా ఆవిడ ఎదురుగా కూర్చుని నేర్చుకునేది. మొదటి ఏడు మా ఆవిడ పేర్చిన బతుకమ్మ ఒక పక్కకు ఒరిగిపోతే, "మీ ఆంధ్ర గోపురం పడిపోతుంది వదినా, జర పట్టుకో" అని ఆమె నవ్వించింది. పండుగ ఆఖరున, సద్దుల రోజు సాయంత్రం కాలనీ ఆడవాళ్ళు, కింది బస్తీ ఆడవాళ్ళు కలిసి ఆడిపాడి, రాతి మెట్లు దిగి బతుకమ్మలను నీళ్ళలో విడిచేవాళ్ళు. అవి ఊగుతూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, గాలి ఎటు తోస్తే అటు పోయేవి. ఆ తరువాత సత్తుపిండి, మలీద పంచేవాళ్ళు. మా ఇంటికి మాత్రం ఆమె విడిగా ఒక డబ్బా పంపేది.

ఇక ఆ వాన సంగతి.

ఒక ఏడు వానాకాలంలో ఎడతెరిపి లేకుండా కురిసింది. చెరువు నిండింది. నిండిన చెరువు తన హద్దు దాకా వచ్చింది. ఆ హద్దు మా పెరళ్ళు దాటి ఇవతల ఉంది. చివరి రెండు వరసల పెరళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. మా స్నానాలగదిలో నీళ్ళు కిందికి పోవడం మానేసి పైకి రావడం మొదలైంది. మా ఆవిడ బట్టలుతికే బండ మీద నీటిపాము పడుకుంది. నీళ్ళు తీశాక గోడల మీద నడుము ఎత్తున చెమ్మ చార మిగిలింది. ఆ వరసల్లో ఇల్లు కొనడానికి వచ్చినవాడెవడైనా ఆ చార చూస్తే చాలు, తిరిగిపోతాడు. మా భయం పాము గురించి కాదు, ఆ చార గురించి.

చెరువు పూర్తిగా నిండాక మిగులు నీరు కట్ట మీదుగా పొర్లి బయటికి పోవడానికి ఒక చోట రాతితో గడప లాంటిది కడతారు. దాన్నే అలుగు అంటారు. దాని ఎత్తెంతో చెరువు లోతంత. అలుగును కాస్త తెగగొడితే చెరువు ఎప్పటికీ మా పెరళ్ళ దాకా రాదన్న ఆలోచన మా వరసవాళ్ళదే. మా అందరికంటే ముందు దాన్ని పైకి అన్నది నేను.

మాస్టారు మొదట తమాషా అనుకున్నాడు. తమాషా కాదని తెలిశాక మా ఇంటికి వచ్చి, టీ చల్లారిపోయేదాకా నచ్చజెప్పాడు. పెరటి గోడ ఎత్తు పెంచుకోమన్నాడు, కావాలంటే తాను నిలబడి కట్టిస్తానన్నాడు. నేను సరే చూద్దామన్నాను. చూసింది ఏమిటంటే, సర్వసభ్య సమావేశానికి మా రెండు వరసల వాళ్ళందరూ తప్పకుండా వచ్చేలా చూశాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. రోజు విడిచి రోజు బంద్. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బస్సులు ఆగిపోయేవి. నేను కొన్నిసార్లు నాచారం నుంచి ఇంటికి నడిచి వచ్చేవాణ్ణి. కాలనీలో అందరూ అందరితో ఎప్పటిలాగే మాట్లాడుకునేవాళ్ళు, కానీ ఎవరు ఏ చానెల్ పెట్టుకున్నారో కిటికీల్లోంచి గమనించుకునేవాళ్ళు. మా కాలనీలో మా వైపు నుంచి వచ్చినవాళ్ళమే ఎక్కువ.

సమావేశం ఒకరి డాబా మీద జరిగింది. మాస్టారు లేచి చెప్పాడు. "చెరువు నిండితే ఎందాక వస్తదో చూసుకునే పెద్దమనుషులు అలుగు కట్టిన్రు. మనమెవ్వరం రాకముందే కట్టిన్రు. ఇప్పుడు మన గోడల్ని చూసి అలుగు కోద్దమంటే ఎట్ల? కోసినంక ఎంత వాన పడ్డా నీళ్ళు నిలువయి. మల్ల మనమే నీళ్ళు కొనుక్కుంటం."

జనం మెత్తబడ్డారు. మా వరసలోనే ఇద్దరు తలలూపారు. ఓటు పోయేలా ఉంది. అప్పుడు నేను లేచాను.

"మాస్టారి ఇల్లు మెరక మీద ఉంది. మన ఇళ్ళు మునిగితే ఆయనకు పోయేదేముంది? ఎటూ వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలని అంటున్న రోజులివి. ఆ పని చెరువే చేసిపెడితే వాళ్ళకు ఇంకా సుఖం."

ఆ మాటలో ఒక్క ముక్క కూడా నేను నమ్మలేదు. మాస్టారు ఉద్యమంలో ఉన్నాడు, నిజమే. బడి అయ్యాక ధర్నాలకు వెళ్ళేవాడు. కానీ బంద్ రోజున నాచారం నుంచి నడిచి వస్తుంటే స్కూటరు తెచ్చి నన్ను ఎక్కించుకున్నది కూడా ఆయనే. అదంతా తెలిసే అన్నాను. గెలిచే మాట అదేనని కూడా తెలుసు.

మాస్టారు నన్నే చూశాడు.

"నువ్వేనా అన్నా, ఈ మాటన్నది?"

నేను చేతులు ఎత్తమన్నాను. ఎత్తారు. మాస్టారు జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి నా ముందు బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయన నన్ను అన్నా అని పిలవడం అదే ఆఖరు.

అలుగును మేం దొంగచాటుగా కోయలేదు. అలా చేసి ఉంటే కనీసం సిగ్గుపడ్డామని చెప్పుకోవడానికి ఉండేది. ఆదివారం పట్టపగలు, చెరువు శుభ్రత కార్యక్రమమని బ్యానరు కట్టి, అందరం టోపీలు పెట్టుకుని, ఉప్మా తిని చేశాం. ఒక పక్క పిల్లలు ప్లాస్టిక్ కవర్లు ఏరుతుంటే, ఇంకో పక్క కూలీలు యంత్రం పెట్టి రాళ్ళు పగలగొట్టారు. పాత డంగు సున్నం అంత త్వరగా లొంగలేదు. మధ్యాహ్నం దాటాక ఒక పెద్ద రాయి ఊడింది. నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ నీళ్ళు నాలాలో పడి మూసీ దారి పట్టాయి. కొన్ని రోజుల పాటు పడుతూనే ఉన్నాయి.

పెరళ్ళు ఆరిపోయాయి. గోడలకు కొత్త రంగులు వేయించాం. ఆ రంగుల కింద చార కనబడకుండా పోయింది.

తరువాతి ఏళ్ళలో చెరువు చిక్కిపోయింది. ఏటి వాన ఏటికే వచ్చేది, వచ్చిన నీళ్ళు నిలిచేవి కావు. మెట్లకు నీళ్ళు దూరమయ్యాయి. మధ్యలో మిగిలిన మడుగును గుర్రపుడెక్క కప్పేసింది. బయటపడ్డ ఒడ్డున సంఘం తరఫున నడకదారి వేయించి, సిమెంటు బల్లలు పెట్టించి, రాతి పలక మీద నా పేరు చెక్కించుకున్నాను. పొద్దున్నే జనం చెరువు చుట్టూ నడిచేవాళ్ళు. చుట్టూ నడవడానికి చెరువు లేదని ఎవరూ అనలేదు. ఎండాకాలాల్లో ఒక్కొక్క బోరే ఎండుతూ వచ్చింది. ముందు మెరక మీది ఇళ్ళవి, అంటే మాస్టారిది. తరువాత మావి. వీధుల్లోకి ట్యాంకర్లు రావడం మొదలైంది.

మాస్టారు ఎదురుపడితే తల వంచుకుని పోయేవాడు కాదు. ఆగి పలకరించేవాడు. "బాగున్నరా సార్?" అనేవాడు. నేను బాగున్నాననేవాణ్ణి. సద్దుల రోజు డబ్బా మాత్రం మానలేదు. ఆయన భార్య పంపేది, మా ఆవిడ ఖాళీ డబ్బాలో పులిహోర పెట్టి పంపేది. ఆడవాళ్ళిద్దరూ మా మాట ఎత్తకుండా సంసారం నడిపారు.

రాష్ట్రం వచ్చిన రోజు ఉప్పల్ చౌరస్తా టపాసులతో దద్దరిల్లింది. మా వీధిలో చాలా తలుపులు వేసి ఉన్నాయి. మాస్టారు స్వీటు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మూసి ఉన్న తలుపులు కూడా తట్టాడు. మా ఇంటికీ వచ్చాడు. "నోరు తీపి చేస్కోండ్రి సార్" అన్నాడు. ఆ స్వీటు చేతిలో పట్టుకుని, ఇన్నేళ్ళుగా నోట్లో నానుతున్న మాట అనేశాను. ఆ రోజు డాబా మీద అన్నది తప్పని, అబద్ధమని, క్షమించమని.

ఆయన స్వీటు డబ్బాకు మూత పెట్టాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు.

"మాఫీ నాకెందుకు సార్? అలుగు కట్టియ్యుండ్రి. సాలు."

సరేనన్నాను. వెంటనే సమావేశం పిలిచాను. అలుగును మళ్ళీ మునుపటి ఎత్తుకు కట్టాలని, మా చివరి వరసల వాళ్ళం పెరటి గోడలు పెంచుకోవాలని ప్రతిపాదించాను. మాస్టారు అందరికంటే వెనక కూర్చున్నాడు. సంఘంలో లేడు కాబట్టి ఓటు లేదు, వినడానికి వచ్చాడు. మా పక్కింటి రిటైర్డు బ్యాంకు ఆఫీసరు లేచి చిరునవ్వుతో అడిగాడు.

"రాజ్యం వాళ్ళదయ్యేసరికి భయం పట్టుకుందా, ప్రెసిడెంటుగారూ?"

అందరూ నవ్వారు. నేను ఒకప్పుడు వాళ్ళ చేతికిచ్చిన కత్తే అది. ఎలా పట్టుకోవాలో కూడా నేనే నేర్పాను. చేతులు ఎత్తమంటే నాది తప్ప లేచినవి ఒకటో రెండో.

ఇక్కడ ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు. ఓడిపోయినందుకు ఆ రాత్రి నాకు బాధ కలగలేదు. హాయిగా నిద్రపట్టింది. అడగవలసింది అడిగాను, గోడ మాత్రం పొడిగానే ఉంటుంది. ఒక మేస్త్రీని, నాలుగు బస్తాల సిమెంటును తీసుకెళ్ళి నేనే ఆ గండి పూడ్పించి ఉండవచ్చు. కోసేటప్పుడు సర్కారు అనుమతి అడగనివాళ్ళం, కట్టేటప్పుడు సంఘాన్ని అడగాలా? ఆ ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. పక్కకు తిరిగి పడుకున్నాను.

ఆ ఏడు బతుకమ్మను సర్కారు పండుగగా చేశారు. మా చెరువు కట్ట మీద రంగురంగుల దీపాలు, స్వాగత ద్వారం, మైకులు పెట్టారు. మెట్ల కింద మాత్రం బురద. సద్దుల ముందు రోజు బస్తీ ఆడవాళ్ళు వచ్చి చూసి, ఇందులో గౌరమ్మను ఎలా విడుస్తామని అడిగారు. అధ్యక్షుడిగా ఏర్పాట్లు నావి. మెట్ల పక్కన గుంత తవ్వించి, నీలం టార్పాలిన్ పరిపించి, ట్యాంకరుకు చెప్పాను. చెరువు గట్టు మీద నిలబడి ట్యాంకరు కోసం ఎదురుచూసిన సంఘం దేశంలో మాదొక్కటే అయి ఉంటుంది.

ట్యాంకరు వచ్చింది. పైపు పట్టుకునేవాడు లేకపోతే మాస్టారు వచ్చి పట్టుకున్నాడు. గుంత నిండుతుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఆయన భార్య, మా ఆవిడ పక్కపక్కనే నిలబడ్డారు. మా ఆవిడ బతుకమ్మ ఇప్పుడు ఒరగదు. పాటలయ్యాయి. ఒక్కొక్కరే వంగి బతుకమ్మలను విడిచారు. అవి ఎటూ పోలేదు. రెండు మూడు ఊగి, ఒకదానికొకటి ఆనుకుని, టార్పాలిన్ మీద కూలబడ్డాయి. వెనక ఇంకా చాలామంది తాంబాళాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

నీళ్ళు చాలేలా లేవు. నేను మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఇంకో ట్యాంకరుకు ఫోను చేయమంటారా అని అడిగాను.

ఆయన పైపు దించకుండానే నా వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు.

"ఒద్దు సార్" అన్నాడు. "ఎక్కువైతే మళ్ళ మన ఇండ్లలకొస్తది."

దగ్గరున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. చేతిలోని ఖాళీ తాంబాళం కింద పెట్టి, ఇంటికి వెళ్ళి, మా సంపులోంచి బిందెతో నీళ్ళు తోడి తెచ్చి ఆ గుంతలో పోసింది. మళ్ళీ వెళ్ళింది. మాస్టారి భార్య ఇంకో బిందె తీసుకుని ఆమె వెంట నడిచింది.