కాఫీ వద్దన్న పాపం

నోరు మూసుకుని కూర్చున్నందుకు వీధి వీధంతా పగబట్టిన మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, నన్ను చూడండి.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో రేపల్లెలో మా వీధి మహిళామండలికి నేను అధ్యక్షురాలిని. చదువు లేకపోయినా గొంతు ఉందని నన్ను పెట్టారు. సభ నడపడం నేర్పుతామంటే బాపట్ల వెళ్ళాను. "నడిపేవాళ్ళు సొంత అభిప్రాయం చెప్పకూడదు. ఒకరి మాట ఇంకొకరికి మొయ్యకూడదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు" అన్నారు అక్కడి మేడం. ఆ మాటలు కొంగున ముడేసుకుని బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి తెనాలి నుంచి మండలికి కుట్టుమిషను వచ్చింది. ఎవరింట్లో ఉంచాలో సాయంత్రంలోగా అందరూ ఒక్క మాట మీద తేల్చకపోతే పక్కనున్న పెనుమూడి మండలికి పంపేస్తానంది మా మండలిని చూసే సర్కారు ఉద్యోగిని, గ్రామసేవిక. నాకేమో దాని మీద జాకెట్టు కుట్టడం నేర్చుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది!

అందరి మనసులూ కనుక్కుందామని బయల్దేరాను. దర్జీ గారి భార్య మస్తాన్‌బీ టీ ఇస్తే వద్దన్నాను. ఆవిడ ముఖం మాడిపోయింది. ఎదురింటి సుబ్బాయమ్మ పిన్ని కాఫీ ఇచ్చింది.

"వద్దు పిన్నీ."

"అదేంటే? మొన్నటిదాకా గ్లాసు అడుగు కూడా వదిలేదానివి కాదుగా! కోపమా?"

"కోపం కాదు, సూత్రం."

పిన్ని కళ్ళు చిన్నవయ్యాయి. "మిషను ఎక్కడుంచాలంటావు?"

"నేను చెప్పకూడదు."

"పోనీ మస్తాన్‌బీ ఏమంది?"

"అదీ చెప్పకూడదు."

"ఓహో! అంత రహస్యమా!"

మా వైపు కాఫీ వద్దనడమంటే గుమ్మంలో నిలబడి కయ్యానికి పిలవడమేనండి. ఆ సంగతి బాపట్ల మేడం చెప్పలేదు, నాకూ తట్టలేదు.

సాయంత్రం సభలో ఉప్పు చేపలా గుడ్లు తెరుచుకుని, పెదవి విప్పకుండా కూర్చున్నాను.

"ఏంటండీ ఈవిడ వాలకం?" అంది మస్తాన్‌బీ.

"మిషను కొట్టేద్దామనే! వాళ్ళింట్లో కిటికీ పక్కన చోటు కూడా ఖాళీ చేసింది, నా కళ్ళతో చూశాను!" అంది పిన్ని.

"అయ్యో, అక్కడ పిల్లి ఈనింది పిన్నీ!"

"నువ్వేమీ చెప్పకూడదన్నావుగా, ఊరుకో!"

ఇంతలో గ్రామసేవిక వచ్చింది. "ఒక్క మాట మీదికి వచ్చారా?"

"వచ్చామండి!" అన్నారంతా ఒకే గొంతుతో. పిన్ని లేచింది. "మిషను మస్తాన్‌బీ ఇంట్లో ఉంటుంది. ఈవిడ మాత్రం దాని దరిదాపులకు రాకూడదు!"

గ్రామసేవిక మురిసిపోయి నా భుజం తట్టింది. "ఇంత వీధినీ ఒక్క మాట మీదికి తెచ్చారు! బాపట్ల శిక్షణ వృథా పోలేదండి!"

ఆ కుట్టుమిషను సాక్షిగా, దూరం నుంచే లెండి, ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ సభ నడిపినా ముందు ఇంటింటా కాఫీ తాగుతాను. నిష్పక్షపాతం సంగతి గ్లాసు కడిగిచ్చాకే!